సూదుల చుట్ట సంచి: మన అల్లిక సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పట్టుకున్న పని ఒక్కటే. దర్జీల దగ్గర మిగిలిపోయే జాకెట్టు ముక్కలతో, ఇళ్లలో పాతబడిన నూలు చీరలతో నిట్టింగ్ సూదులు దాచుకునే చుట్ట సంచి, అంటే లోపలి జేబులో సూదులు వరుసగా పెట్టి, చుట్టి నాడాతో కట్టుకునే సంచి కుట్టడం. కొత్తగా కొన్నవి దారం, నాడా, మిషను సూదులు మాత్రమే. అందుకే ఈ నివేదికలో లెక్కల కన్నా కొలతలే ఎక్కువ ఉంటాయి. సంచి కుట్టాలనుకునే ప్రతి సభ్యురాలూ దీన్ని పక్కన పెట్టుకుని పని చేసుకోవచ్చు.

ముందుగా ఒక మాట. చేతిలో ఉన్న గుడ్డముక్కను చూసి సంచి కొలత వేసుకోవడం వల్లే ఎక్కువ సంచులు పాడయ్యాయి. కొలత సూదుల నుంచి రావాలి. మన దగ్గర ఎక్కువమంది వాడే గుండుతల సూదుల పొడవు 25, 30, 35 సెంటీమీటర్లు. అన్నిటికన్నా పొడవైన 35 సెంటీమీటర్ల సూది పట్టేలా కుడితే మిగతావన్నీ అందులోనే ఇమిడిపోతాయి.

పాడైన సంచులన్నీ చూశాక స్థిరపడిన కొలత ఇది. సంచి పూర్తయ్యాక వెడల్పు 45, ఎత్తు 52 సెంటీమీటర్లు. అడుగు నుంచి 37 దగ్గర మడత వస్తుంది. పైన మిగిలిన 15 సెంటీమీటర్లు మూతలా ముందుకు వాలి, సరిగ్గా జేబు పై అంచును తాకుతుంది. ఈ మూత లేకుండా చుడితే, సంచి తలకిందులైనప్పుడు సూదులన్నీ జారి పడతాయి. చుట్టూ 1 సెంటీమీటరు మార్జిన్ కలిపి పైగుడ్డ, లోపలి గుడ్డ రెండూ 47 × 54 కత్తిరించాలి. పెద్ద జేబుకు 47 × 46 ముక్క. దాన్ని అడ్డంగా సగానికి మడిస్తే 23 ఎత్తు వస్తుంది, అడుగు కుట్టులో 1 పోగా 22 మిగులుతుంది. మడత పైకి ఉంటుంది కాబట్టి జేబు అంచుకు విడిగా హెమ్మింగ్ అక్కర్లేదు.

ముక్కల విషయం. పైగుడ్డను బొంత కుట్టినట్టే పాత చీర గుడ్డ మీద కుట్టుకుంటూ పోవాలి. అడుగున 49 × 56 కొలతతో మెత్తని నూలు చీర ముక్క పరవండి. 5 సెంటీమీటర్ల వెడల్పున పీలికలు కత్తిరించుకోండి. ప్రతి పీలికా రెండు వైపులా 1 సెంటీమీటరు కుట్టులోకి పోయి 3 కనబడుతుంది, కాబట్టి రెండు చివరల మార్జిన్లతో కలిపి 47కు 15 పీలికలు సరిపోతాయి. ఒక్కోటీ 56 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. జాకెట్టు ముక్కల్లో అంత పొడవు దొరకదు గనుక రెండు మూడు ముక్కలు కలిపి అతుక్కోవాలి. మొదటి పీలికను మంచివైపు పైకి ఉండేలా అంచున పరచి, రెండోదాన్ని మంచివైపు కిందకు పెట్టి, రెండిటినీ చీర గుడ్డతో కలిపి ఒకే కుట్టు వేసి, తిప్పి, ఇస్త్రీ చేసి, ఆ పైన మూడోది. ఇస్త్రీ మానేసి అన్నీ కుట్టేశాక ఒకేసారి చేద్దామనుకుంటే ఒక్కో కుట్టు దగ్గర కొంచెం గుడ్డ మడతలో దాగిపోయి, పదిహేనో పీలిక చేరేసరికి వెడల్పు చాలదు. పూర్తయ్యాక 47 × 54కు సరిచేసుకోండి.

పీలికలు నిలువుగానే, అంటే సూదుల వైపుగానే ఉండాలి. సంచి అడ్డంగా చుట్టుకుంటుంది కాబట్టి నిలువు కుట్లు చుట్టతో పాటు సులువుగా తిరుగుతాయి. అడ్డంగా వేస్తే ప్రతి కుట్టూ గట్టులా లేచి చుట్ట బిగుసుకుపోతుంది. ఇంకో సంగతి, ముక్కల సంచికి గుడ్డ తక్కువ పడుతుందనుకోవద్దు. మార్జిన్లకే పోయేది లెక్కవేస్తే, ఒకే గుడ్డతో కుట్టినదానికన్నా ఒకటిన్నర రెట్లకు పైనే పడుతుంది. ముక్కల మూటలో సగం తీసి పెట్టుకున్నవారికి మధ్యలో రంగు చాలలేదు.

గుడ్డల ఎంపికలో మా సలహా గట్టిది: మంగళగిరి, నారాయణపేట నూలు ముక్కలు, పాత ఖద్దరు, కలంకారీ బాగుంటాయి. పోచంపల్లి ఇక్కత్తు ఎర్రనిదైతే తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి. రంగు అంటితే అది విడిగా రెండు మూడు సార్లు ఉతికాకే వాడాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలిచిపోతుందన్న మాటను నమ్ముకోవద్దు. కోరాగుడ్డ ఉతికితే కుంచించుకుంటుంది, కాబట్టి అన్నిటినీ ముందే ఉతికి ఆరేసుకోవాలి. జరీ ముక్కలు పైవైపు మాత్రమే. లోపల పెడితే సూది మొనకు జరీ పోగు చిక్కి లాగుతుంది. జార్జెట్టు, క్రేపు మిషను కింద జారిపోతాయి, వేడి ఇస్త్రీకి ముడుచుకుంటాయి, వాటి జోలికి పోకండి. లోపలి గుడ్డ మరీ తెల్లగా ఉండకూడదు, పూత లేని అల్యూమినియం సూదులు బూడిద రంగు గీతలు వదులుతాయి.

మధ్యలో పొర విషయంలో చర్చ చాలా జరిగింది. బక్రం పెడితే సంచి అట్టలా నిలబడి చుట్టుకోదు. టర్కీ తువ్వాలు పెడితే అంచుల దగ్గర మందం పెరిగి మిషను సూది విరుగుతుంది. పాత దుప్పటి గుడ్డ ఒక పొర చాలు. దాన్ని మార్జిన్ లేకుండా 45 × 52కు కత్తిరించి పైగుడ్డ వెనక కచ్చా కుట్టు వేస్తే కుట్టులోకి రాదు.

పెద్ద జేబును నిలువు కుట్లతో ఒక్కో జత సూదులకు ఒక్కో అరగా విడగొట్టాలి. ఆ అరల వెడల్పు దగ్గర కాస్త ఆగాలి. మొన కిందకు పెడితే అడుగు కుట్టును పొడుచుకుని బయటికి వస్తుంది. అందుకని సూది గుండుతల కిందకు, మొన పైకి. అంటే అర వెడల్పు సూది లావును బట్టి కాక, రెండు గుండుతలలు పక్కపక్కన పట్టేదాన్ని బట్టి ఉండాలి. రెండు గుండులనూ పక్కపక్కన పట్టుకుని చుట్టూ టేపు చుట్టండి. వచ్చిన కొలతలో సగం, దానికి 3 మిల్లీమీటర్లు కలిపితే అదే అర వెడల్పు. 12 మిల్లీమీటర్ల గుండుకు ఇది 3.5 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. సన్న సూదుల గుండు చిన్నది కాబట్టి 2.5 చాలు. మన నమూనాలో 2.5 అరలు ఆరు, 3.5 అరలు ఎనిమిది. మొత్తం 43, రెండు అంచుల్లో చెరో సెంటీమీటరు వదిలితే 45. సన్నవాటిలో 14 నుంచి 9 నంబర్ల దాకా, వెడల్పువాటిలో 8 నుంచి 2 దాకా పెట్టి ఒకటి ఖాళీగా ఉంచుకోవచ్చు.

నంబర్ల గొడవ ఇక్కడే చెప్పుకోవాలి. మన బజారులో దొరికే సూదులు చాలావాటి మీద బ్రిటిష్ నంబర్లే ఉంటాయి. ఈ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 14 అంటే 2 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 8 అంటే 4, 4 అంటే 6. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన సూదుల మీద నంబరు పెరిగితే సూది లావవుతుంది. అక్కడి 8 అంటే 5 మిల్లీమీటర్లు. రెండు 8లూ ఒకే అరలో పడితే స్వెటరు ముందు భాగం ఒక కొలత, వెనక భాగం ఒక కొలత వస్తాయి. కాబట్టి అర మీద నంబరు రాయకండి, మిల్లీమీటర్లు రాయండి. చీర ఫాల్ మిగిలిన ముక్క మీద రంగు దారంతో ఆ అంకెలు కుట్టి, జేబు పై అంచున ముందుగానే అతికించుకోండి. అరలు కుట్టాక అక్కడ చెయ్యి పట్టదు.

ముందు జేబు రెండు వైపులా మొనలుండే 20 సెంటీమీటర్ల సూదులకు. 47 × 30 ముక్కను మంచివైపులు కలిపి అడ్డంగా మడిచి కుట్టి తిప్పితే 14 ఎత్తు గొట్టం వస్తుంది. దీన్ని అడుగున కాకుండా, పూర్తయిన అంచుకు 5 సెంటీమీటర్లు పైన పెద్ద జేబు ముందు పొరకు మాత్రమే కుట్టాలి. మొదటి నమూనాల్లో అడుగుకు కుట్టడం వల్ల వెనక గుండుతలలు, ముందు సూదులు ఒకేచోట పడి చుట్ట కిందివైపు లావై, పైన సన్నబడింది. నరసాపురం లేసుకు వాడే సన్న స్టీలు హుక్కులున్నవారు చివరి రెండు అరల్లో ముందు జేబుకు మరో అడ్డకుట్టు 5 సెంటీమీటర్లు పైన వేసుకోవాలి. ఆ పొట్టి హుక్కులు 14 లోతులో మునిగిపోతాయి, వేళ్లకు అందవు.

అరల గీతలు మార్కింగ్ చాక్‌తో గీసుకోండి. బాల్‌పెన్ను గీత ఉతికినప్పుడు పాకుతుంది. లోపలి గుడ్డకు జేబులు కచ్చా కుట్టు వేసి, ప్రతి గీతా అడుగు నుంచి పైకే కుట్టాలి. మిషను పాదం పై పొరను ముందుకు నెడుతుంది. ఒకటి కింద నుంచి, ఒకటి పై నుంచి కుడితే అరలు ఏటవాలుగా తిరుగుతాయి. కింద నుంచి కుట్టినప్పుడు మిగిలిన గుడ్డ జేబు నోటి వైపు సర్దుకుంటుంది. జేబు అంచు దగ్గర వెనక్కి ముందుకి మూడు కుట్లు తప్పనిసరి. సూది తీసేటప్పుడు లాగుడంతా అక్కడే పడుతుంది. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు, మిషను సూది 14. జీన్సు గుడ్డ కలిస్తే 16 వేయండి.

కలపడం తేలిక. 90 సెంటీమీటర్ల నాడాను మధ్యకు మడిచి, అడుగు నుంచి 18.5 దగ్గర పైగుడ్డ మంచివైపు, పక్క అంచున కుట్టండి. కొసలు రెండూ మధ్యకు చుట్టి గుండుసూదితో బిగించండి. లేకపోతే చుట్టూ కుట్టులో చిక్కుకుంటాయి, చాలా సంచుల్లో ఇదే జరిగింది. లోపలి గుడ్డను మంచివైపు కలిపి, మూత అంచున 12 సెంటీమీటర్లు ఖాళీ వదిలి చుట్టూ కుట్టి, మూలలు కత్తిరించి, తిప్పి, ఇస్త్రీ చేసి, ఖాళీని కనబడని చేతికుట్టుతో మూసి, అంచుకు 3 మిల్లీమీటర్ల లోపల చుట్టూ పైకుట్టు వేయాలి. నాడా లేని అంచు నుంచి చుట్టడం మొదలుపెడితే నాడా పైకి వస్తుంది.

వృత్తాకారపు సూదులకు, అంటే రెండు పొట్టి సూదులను తీగతో కలిపినవాటికి, ఈ సంచి పనికిరాదు. వాటి తీగ మడతపడి గట్టిపడుతుంది. వదులుగా చుట్టి జిప్పు పౌచుల్లో ఉంచండి. ఇప్పటికే మడతపడిన తీగను వేడినీళ్లలో కొద్దిసేపు ఉంచితే మెత్తబడుతుంది. వాటికి విడి నమూనా వచ్చే ఏడాది చూద్దాం.

కోస్తా ఊళ్లలో ఉన్న సభ్యులు వానాకాలంలో సంచిని ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టకండి. లోపల చెమ్మ చేరి స్టీలు హుక్కులకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు తెల్ల దారానికి అంటుతుంది.

కాగితపు నమూనా, అరల కొలతల చీటీ సంఘం గదిలోని బీరువాలో ఉన్నాయి. తీసుకెళ్లినవారు నకలు వేసుకుని తిరిగి పెట్టండి. తర్వాతి సమావేశానికి వచ్చేటప్పుడు ముక్కలను ఉతికి, ఇస్త్రీ చేసి, మీ సూదుల్లో అన్నిటికన్నా పొడవైనదీ పెద్ద గుండుతల ఉన్నదీ వెంట తెచ్చుకోండి.