గని పుస్తకాలను తూకానికి అమ్మేయకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత గనుల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగుంది. అయితే ఒక్క వాక్యం నా మనసుకి ఎక్కలేదు. గనిలోంచి తీసిన సరుకుకి లెక్క రాయడం పెద్ద కంపెనీలు వచ్చాకే మొదలైందని, అంతకుముందు అంతా నోటిమాటేనని రాశారు. నేను గూడూరు వైపు ఒక అభ్రకం గనిలో 27 ఏళ్లు లెక్కలు రాసిన గుమస్తాని. మీరు రాసినది తప్పని కళ్లారా చూసొచ్చాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయి ఇంగ్లండులో డెర్బీ అనే ఊళ్లో ఉంటుంది. కాన్పుకి సాయంగా మేమిద్దరం వెళ్లి ఆరు నెలలు ఉన్నాం. నేను గనిలో పనిచేసినవాణ్ణని అల్లుడికి తెలుసు. ఒక శనివారం బస్సెక్కించి వర్క్స్‌వర్త్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాడు. ఆ చుట్టుపక్కల కొండలన్నీ ఒకప్పుడు సీసం గనులట. అక్కడి సెయింట్ మేరీ చర్చి గోడలో ఒక రాతిబొమ్మ పొదిగి ఉంది. జానెడు మనిషి, ఒక చేతిలో గునపం లాంటి పనిముట్టు, ఇంకో చేతిలో తొట్టి. వెయ్యేళ్ల నాటి గనిమనిషి బొమ్మ అని చెబుతారు. దేవుడి గుళ్లో గనికూలీ బొమ్మ! చాలాసేపు దాని ముందే నిలబడిపోయాను. మా ఆవిడ వచ్చి పిలిచిందాకా కదల్లేదు.

చర్చికి దగ్గర్లోనే మూట్ హాల్ అనే కచేరీ ఉంది. ఇప్పటి భవనం 1814లో కట్టినది. గనుల తగాదాలు తీర్చే బార్‌మోట్ అనే సభ అక్కడ ఈనాటికీ ఏటా ఒకసారి కూర్చుంటుంది. మేం వెళ్లిన రోజు తలుపులు వేసి ఉన్నాయి. లోపల ఉన్న ఇత్తడి కొలపాత్రను నేను చూడలేకపోయాను, ఫొటోలో చూశాను. పడవలా పొడుగ్గా ఉంటుంది. దాని ఒంటిమీద చెక్కిన రాత సంగతి అల్లుడు చదివి చెప్పాడు. ఎనిమిదో హెన్రీ రాజైన నాలుగో ఏట, గనివాళ్లూ, సీసం కరిగించేవాళ్లూ ఇద్దరూ ఒప్పుకోగా ఈ పాత్ర చేశారట. వ్యాపారులైనా, గనివాళ్లైనా ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి తమ కొలత సరిచూసుకునేలా దీన్ని హాల్లో గొలుసుకి వేలాడదీసి ఉంచాలట. ఇది 500 ఏళ్ల పైమాట. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ సరేనన్న కొలత ఒకటి, ఎవరి ఇంట్లోనూ కాకుండా అందరి ముందూ ఉండాలని అప్పుడే అనుకున్నారు. కాటా దగ్గర బతికినవాడిగా చెబుతున్నాను, అన్నిటికీ మూలం ఇదే.

ఇక నాలుగైదు వారాలు నాకు వేరే ధ్యాస లేదు. మాట్‌లాక్ అనే ఊళ్లో ఆ డెర్బీషైర్ జిల్లా రికార్డుల ఆఫీసు ఉంది. అక్కడ 1600ల నాటి సీసం ఖనిజం లెక్కలున్నాయి. ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు. పెన్ను లోపలికి తీసుకెళ్లనివ్వరు, పెన్సిల్ మాత్రమే. పుస్తకాన్ని మెత్తటి దిండు మీద పడుకోబెట్టి, పేజీ లేవకుండా బరువున్న దారం ఒకటి మీద వేస్తారు. పసిబిడ్డకి పక్క వేసినట్టు అనిపించింది. ఆ చేతిరాత నాకు అంతుపట్టలేదు. అక్కడ పనిచేసే ఆవిడ పక్కన కూర్చుని మాట మాట చదివి పెట్టింది. ఫలానా గని, ఫలానా మనిషి, ఇన్ని లోడ్లు, ఇన్ని డిష్‌లు (డిష్ అంటే ఆ కొలపాత్రే), కొన్నది ఫలానావాడు. ఆ వరస చూసేసరికి నా ఒళ్లు జలదరించింది. మేం రాసిందీ అదే వరసలోనండీ. ఏ గుంత, ఏ మేస్త్రీ గుంపు, ఎన్ని బుట్టలు, ఏ షెడ్డుకి పోయింది.

ఆ లెక్క ఎలా నడిచేదో కొంచెం వివరంగా చెబుతాను.

ముడిరాయిని గని నోటి దగ్గరే సుత్తులతో పగలగొట్టి, నీళ్లలో జల్లెడ ఆడించి కడిగేవాళ్లు. సీసం రాయి బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది, తేలిక రాయి పైన మిగులుతుంది. ఈ పని చాలావరకు ఆడవాళ్లదీ పిల్లలదీ. మా షెడ్డులో అభ్రకం రేకుల అంచులు కోసింది కూడా ఆడవాళ్లే. శుభ్రమైన ఖనిజాన్ని కుప్ప పోశాక గనుల కొలతలు చూసే అధికారి, బార్‌మాస్టర్ అంటారు, అతను గానీ అతని మనిషి గానీ చెక్క డిష్ పట్టుకుని వచ్చేవాడు. హాల్లోని ఇత్తడి పాత్రతో సరిచూసిన డిష్ అది. దాంట్లో 14 పింట్లు పడుతుంది, అంటే మన లెక్కలో ఎనిమిది లీటర్లకి కాస్త తక్కువ. చూడ్డానికి చిన్న బిందెడే, ఎత్తబోతే 27 కిలోల దాకా తూగుతుంది. నీళ్ల బిందె ఎత్తిన అలవాటుతో ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. అలాంటి తొమ్మిది డిష్‌లు ఒక లోడ్, సుమారు పావు టన్ను.

కొలిచేటప్పుడు ప్రతి పదమూడో డిష్ పక్కన పోసేవాళ్లు. అది రాజుగారి భాగం, దాని పేరు లాట్. ఆ హక్కు రాజు దగ్గర గుత్తకి తీసుకున్న దొరలు వసూలు చేసుకునేవాళ్లు. కొన్నవాడు లోడ్‌కి ఆరు పెన్నీల చొప్పున కోప్ అని ఇంకోటి కట్టాలి. కోప్ కట్టాక సరుకు ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. చర్చివాళ్లేమో పదో డిష్ తమదనేవాళ్లు. ఏటేటా పండే పంటకైతే దశమభాగం న్యాయమే, తవ్వితే అయిపోయే సీసానికి ఏమిటని గనివాళ్లు 17వ శతాబ్దం పొడుగునా కోర్టుల చుట్టూ తిరిగారు. 1642లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చినప్పుడు, నా సైన్యంలో చేరితే ఈ దశమభాగం తీసేస్తానని మొదటి చార్లెస్ గనివాళ్లకి మాట ఇచ్చాడంటే అది వాళ్లనెంత పీడించిందో ఊహించుకోండి.

మా చిన్నప్పుడు కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా "లాభం" అనేవాళ్లు. కొలిచేవాడి గొంతు పొలమంతా వినిపించేది. చాకలి మేర, మంగలి మేర, వడ్రంగి మేర అక్కడే పక్కన పడేవి. మోసం జరిగితే అందరి కళ్ల ముందే జరగాలి. డెర్బీషైర్ కొండల మీదా అంతే. బార్‌మాస్టర్ కొలవకుండా ఖనిజాన్ని గని దగ్గర్నుంచి కదపకూడదు. కదిపితే దొంగసరుకు కిందే లెక్క. కొలత అయ్యాకే గుర్రాలు.

ఆ గుర్రాలు తోలేవాళ్లని అక్కడ జాగర్లు అంటారు. రోడ్లు బండ్లకి పనికిరావు కాబట్టి పొట్టి గుర్రాల మీద గోతాలు వేసి వరసగా నడిపించేవాళ్లు. ఒక గుర్రం మోసేది వంద కిలోల పైచిలుకు. అంటే ఒక లోడ్‌కి రెండు గుర్రాలు. కొండ దిగి వాగు పక్కనున్న సీసం కరిగించే మిల్లుకి చేరేవి. 16వ శతాబ్దం చివరిదాకా సీసాన్ని కొండ నెత్తిన గాలివాటానికి పెద్ద మంట వేసి కరిగించేవాళ్లు. దానికి మంచి గాలి కావాలి, పెద్ద రాళ్లు కావాలి. 1570ల తర్వాత నీటిచక్రంతో కొలిమితిత్తులు ఆడించే మిల్లులు వచ్చాయి. బట్టీలో ఎండబెట్టిన కట్టెముక్కలు వాటికి వంటచెరకు. ఈ మిల్లులు చిన్న చిన్న ముక్కల్ని, జల్లెడ పట్టిన నలుసునీ కూడా కరిగించగలిగాయి.

దీని వల్ల ఏమైందంటే, తాతల కాలంలో పనికిరాదని పారేసిన రాళ్లగుట్టలకి విలువ వచ్చింది. గని లేనివాళ్లు, బీదాబిక్కీ, ఒక జల్లెడ పట్టుకుని ఆ గుట్టలు గాలించి నాలుగు డిష్‌లు తీసి అమ్ముకునేవాళ్లు. గుర్రాల బారుతో మోయించేవాడితో పాటు ఇలా నాలుగు డిష్‌లవాడికీ కొలత జరగాలి, లెక్క పడాలి. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. చిన్న కుప్ప కదా అని వదిలెయ్యలేదు.

మిల్లు దగ్గర మళ్లీ వేరే పుస్తకం. ఎవరి ఖనిజం ఎన్ని లోడ్లు వచ్చింది, అందులోంచి ఎన్ని సీసం దిమ్మెలు దిగాయి. డిష్ కొలత నిండుదనానికే గానీ బరువుకి కాదు, ఇది గుర్తుపెట్టుకోవాలి. సరిగా కడగని ఖనిజం కూడా డిష్ నింపుతుంది. పొడి సరుకుని కుదిస్తే ఎక్కువ పడుతుంది, గుల్లగా పోస్తే తక్కువ. గని పుస్తకంలో పది లోడ్లు, మిల్లులో దిగిన సీసం చూస్తే ఎనిమిది లోడ్లకి సరిపడేది. అప్పుడు తేడా ఎక్కడుందో వెతకాలి. కడగడంలోనా, దారిలోనా, మిల్లులోనా? రెండు పుస్తకాలు ఉంటేనే ఈ ప్రశ్న పుడుతుంది. ఒక్క పుస్తకమే ఉంటే అది ఎవరి చేతిలో ఉందో వాడి మాటే లెక్క. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మా పెద్ద గుమస్తా చెప్పిన మాట ఇది. గని దగ్గర బుట్టల లెక్క నాది, షెడ్డు దగ్గర తూకం లెక్క ఇంకొకరిది. ఇద్దరం సాయంత్రం కూర్చుని కలుపుకునేవాళ్లం. కలవని రోజు ఉండే టెన్షన్ చెప్పలేను, అన్నం సయించేది కాదు.

అక్కడి దిమ్మెలు మళ్లీ గుర్రాల మీద బాట్రీ రేవుకి, అక్కడి నుంచి పడవల్లో నది వెంట హల్ ఓడరేవుకి, అటు లండన్‌కీ వేరే దేశాలకీ పోయేవి. చర్చి కప్పులకి, కిటికీ అద్దాల పట్టీలకి, నీళ్ల గొట్టాలకి, తుపాకీ గుళ్లకి. మిల్లు పొగ పడిన గడ్డి తిని పశువులు చచ్చేవి. ఆ విషానికి ఆ జిల్లాలో బెలండ్ అని వేరే పేరే ఉంది. మనుషుల ఊపిరితిత్తుల్లోకి ఎంత పోయిందో ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

ఈ చివరి మాట రాస్తుంటే మా గని గుర్తొస్తోంది. అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే.

మా గని మూతపడింది. దాని పేరు, యజమాని పేరు నేను చెప్పను. మూసిన ఏడాది ఆఫీసు గది ఖాళీ చేస్తూ, బీరువాల్లో ఉన్న పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి కిలోల లెక్కన వేసేశారు. మస్టర్లు (హాజరు పుస్తకాలు), బుట్టల పుస్తకాలు, షెడ్డు తూకం పుస్తకాలు, అన్నీ. నేను ఆ రోజు ఊళ్లో లేను. వారం తర్వాత బస్టాండులో బఠాణీలు కొంటే పొట్లం మీద నా చేతిరాత ఉంది. తేదీ చిరిగిపోయింది, ఐదుగురు ఆడవాళ్ల పేర్లు, ఎదురుగా బుట్టల సంఖ్య కనిపిస్తున్నాయి. బఠాణీలు జేబులో పోసుకుని ఆ కాగితం మడిచి దాచుకున్నాను.

తర్వాత రెండేళ్లకి మా గనిలో లోపల డ్రిల్లు పట్టిన ఒకతని భార్య మా ఇంటికొచ్చింది. దుమ్ముకి ఊపిరితిత్తులు చెడి ఆయన పోయాడు. సాయం కోసం దరఖాస్తు పెడితే, నీ భర్త ఆ గనిలో ఇన్నేళ్లు చేశాడనడానికి కాగితం తెమ్మన్నారట. "గుమస్తాగారూ, మీరే కదా రోజూ పేరు రాసింది" అంది. రాశాను తల్లీ. 19 ఏళ్లు ఆయన పేరు నా చేత్తో రాశాను. కానీ చూపించడానికి నా దగ్గర ఏముంది? నేను సాక్షి సంతకం పెట్టాను, అది చాలదన్నారు.

350 ఏళ్ల కిందట నాలుగు డిష్‌ల సీసం అమ్ముకున్న ఒక బీదవాడి పేరు మాట్‌లాక్‌లో దిండు మీద భద్రంగా ఉంది. మా మనిషి పేరు పొట్లమైపోయింది. ఇంగ్లండువాళ్లు గొప్పవాళ్లని నేను అనడం లేదు. మన దేశంలో వాళ్ల లెక్కలు ఎవరి లాభానికి నడిచాయో అందరికీ తెలుసు. నా బాధల్లా మనం రాసుకున్నది మనమే పారేసుకోవడం గురించి.

అందుకని మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. మూతపడ్డ గనుల మస్టర్లు, ఉత్పత్తి పుస్తకాలు, రవాణా చలానాలు పారేయడానికి వీల్లేకుండా, జిల్లా కేంద్రంలో ఒక గదికి చేర్చమని గనుల శాఖవారు యజమానులకి ఆదేశం ఇవ్వాలి. పెద్ద ఖర్చు కాదు, ఒక గది, నాలుగు రాక్‌లు, చెదల మందు. రెండోది మీ పాఠకులకి. అభ్రకం, ముగ్గురాయి, నాపరాయి, సున్నపురాయి, ఏ గనిలోనైనా పనిచేసిన గుమస్తాలు, మేస్త్రీలు, వాళ్ల పిల్లలు మీలో ఉంటారు. అటక మీద పాత పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. దయచేసి తూకానికి వేయకండి. అందులో ఎవరి పేరుందో ఒకసారి విప్పి చూడండి.

నా దగ్గర మిగిలింది ఒక్కటే. పెద్ద పుస్తకంలోకి ఎక్కించే ముందు గని నోటి దగ్గర పెన్సిల్‌తో రాసుకున్న జేబు పుస్తకం, 14 నెలల లెక్క. అందులో 63 మంది పేర్లున్నాయి. పొట్లం కాగితం కూడా దాంట్లోనే పెట్టాను. వీటిని ఎవరికి అప్పజెప్పాలో తెలిసినవారు మీ పత్రికకి రాస్తే, నేనే స్వయంగా తెచ్చి ఇచ్చి రసీదు తీసుకుంటాను.

ఇట్లు,
ఒక అభ్రకం గని పాత గుమస్తా,
గూడూరు.