కరెంటు మనిషికి కాదు, పేలుడు మందుకి

సంపాదకులకు,

జపాన్ హార్డ్‌కోర్ రెజ్లింగ్ సంస్థ ఎఫ్ఎండబ్ల్యూ (ఫ్రాంటియర్ మార్షల్ ఆర్ట్స్ రెజ్లింగ్) గురించి మీ క్రీడాపేజీలో వచ్చిన వ్యాసంలో ‘కరెంటు పారే ముళ్లతీగల మధ్య కుస్తీ’ అని రాశారు. ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. ఆ పోటీని జపనీయులు ‘డెన్ర్యూ బకుహా’ అంటారు. డెన్ర్యూ అంటే విద్యుత్ ప్రవాహం, బకుహా అంటే పేల్చడం. మొదటి మాట దగ్గరే ఆగిపోతే తీగ ముట్టుకున్నవాడికి షాక్ కొడుతుందనే అనిపిస్తుంది. నిజానికి ఆ కరెంటు పని పేలుడు మందు అంటించడమే. రింగు చుట్టూ తాళ్లు ఊడదీసి, స్తంభాలకు ముళ్లతీగ బిగించి, తీగకు అక్కడక్కడా చిన్న పేలుడు పొట్లాలు కడతారు. మనిషి వెళ్లి తీగమీద పడగానే ఆ వైపు మందు పేలుతుంది. ముళ్లు చర్మాన్ని చీలుస్తాయి, నిప్పు కాలుస్తుంది, పొగలో కాసేపు ఎవరూ కనబడరు.

తాళ్లు తీసేయడంతో ఆటే మారిపోతుంది. తాడుకు కొట్టుకుని ఎదురు పరుగు తీయడం ఉండదు, దెబ్బతిన్నప్పుడు ఆనుకోవడానికి తాడూ ఉండదు. ఇద్దరూ రింగు మధ్యకే లాక్కుంటారు. అంచుదాకా నెట్టుకెళ్లి, ఆఖరి అడుగులో కాలు నిలదొక్కుకుని, దిశ మార్చి తప్పించుకోవడం, ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టేది దానికే. పేలుడు కన్నా పేలుడు వాయిదా పడటంలోనే ఈ పోటీ బలం ఉందని నా అభిప్రాయం.

ఈ పద్ధతిలో మొదటి పోటీ 1990 ఆగస్టు 4న టోక్యో షియోదొమేలో, అత్సుషి ఒనితాకూ టార్జాన్ గోతోకూ మధ్య జరిగింది. అప్పటికి అది మూతపడిన గూడ్స్ యార్డు స్థలం. ఇంత పొగా చప్పుడూ ఉన్న ఆటకు ఆరుబయలే నయం. ఆ ఏడాది ‘టోక్యో స్పోర్ట్స్’ పత్రిక ఉత్తమ పోటీ బహుమతి దానికే ఇచ్చింది. సంస్థ పుట్టి అప్పటికి ఏడాదే. మోకాలు దెబ్బతిని 1985లో రింగు వదిలిన ఒనితా, 1989లో కరాటే యోధుడు మసాషి అఒయాగీతో తలపడి, ఆ వైరాన్నే పెట్టుబడిగా చేసుకుని ఎఫ్ఎండబ్ల్యూ పెట్టాడు. పేరులో ‘మార్షల్ ఆర్ట్స్’ ఉండటానికి కారణం అదే. బాంబులు తర్వాత వచ్చాయి.

బాంబు కన్నా నిప్పు ప్రమాదమని 1992 మే 6న హ్యోగో ప్రాంతంలోని సందాలో తేలింది. మండే నూనెలో తడిపిన గుడ్డలు తీగలకు చుట్టి అంటించారు. నాలుగు వైపులా ఒక్కసారే మంట లేస్తే మధ్యలో ఉన్నవాళ్లకు గాలి అందదు, వేడి బయటికి పోదు. ఒనితా, గోతో, వాళ్ల ప్రత్యర్థులు సాబూ, షేక్ నిమిషాల్లోనే బయటికి దూకాల్సి వచ్చింది. అరవై దాటిన షేక్‌కు ఒళ్లు కాలింది. పేలుడు ఒక్క క్షణంలో అయిపోతుంది, మంట అలా ఆగదు.

ఇక చాంపియన్‌షిప్ బెల్టుల సంగతి. అవి అలంకారమని మీ వ్యాసం తేల్చేసింది. ‘బ్రాస్ నకిల్స్’ (అంటే పిడికిలికి తొడిగే ఇత్తడి ఆయుధం) బెల్టు ఎవరెవరి నడుముకు చేరిందో చూస్తే సంస్థ ఎప్పుడు ఏం అమ్ముకోవాలనుకుందో తెలుస్తుంది. 1992లో గోతో నుంచి దాన్ని గెలిచింది లియోన్ స్పింక్స్, అంటే 1978లో ముహమ్మద్ అలీని ఓడించిన బాక్సరే. బెల్టు పేరుకు ఇంతకన్నా తగినవాడు దొరకడు. 1995 మే 5న కవాసాకి స్టేడియంలో యువ కుస్తీవీరుడు హయబుసాతో ఆడి ఒనితా విరమించాక, సంస్థ షోయిచి అరాయ్ చేతికొచ్చింది, బరువు కుర్రాళ్ల మీద పడింది. బ్రాస్ నకిల్స్‌తో ‘ఇండిపెండెంట్’ అనే మరో బెల్టును జోడించి ‘డబుల్’ చాంపియన్ అన్నారు. 1997 సెప్టెంబరులో కవాసాకిలోనే మసాతో తనాకా ఆ రెండింటినీ గ్లాడియేటర్ అనే కుస్తీవీరుడి దగ్గర గెలుచుకున్నాడు. 1999లో పాత బెల్టులన్నీ పక్కనపెట్టి డబ్ల్యూఈడబ్ల్యూ (వరల్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ రెజ్లింగ్) పేరుతో కొత్తవి చేయించారు. అది కుస్తీవీరుడు కోదో ఫుయుకి చక్రం తిప్పిన హయాం. ముళ్లతీగకు బదులు అమెరికా తరహా నాటకీయతకు పెద్దపీట. పేరు మార్చినంత తేలిగ్గా ప్రేక్షకుడు మారడు.

ఆడవాళ్ల గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేకపోవడం అన్యాయం. 1996 మే 5న ఇదే కవాసాకిలో, కంబాట్ తొయోదా విరమణ పోటీలో, ఆమె మీద మెగుమి కుదో ఆడిన పేలుడు పోటీని మగవాళ్ల పోటీలకు ఏ మాత్రం తీసికట్టుగా చూడలేం.

‘బాంబులే ఆ సంస్థను ముంచాయి’ అన్న వాక్యం కూడా సవరించాలి. 2001 అక్టోబరు 22న టోక్యో కొరాకుఎన్ హాల్లో ముళ్లతీగా లేదు, మందూ లేదు, మామూలు తాళ్లే. వాటిమీద నుంచి వెనక్కి పల్టీ కొట్టబోయిన హయబుసా కాలు జారింది, మెడమీద పడ్డాడు, శరీరం చచ్చుబడిపోయింది. అంతటి తారను పోగొట్టుకున్న సంస్థ 2002 ఫిబ్రవరిలో దివాలా తీసింది.

ఇట్లు,
ఒక పాఠకుడు