డోర్నకల్ గుడి తాతకి, ఇంకా అందరికీ థాంక్స్

నిన్న రాత్రి పదకొండున్నరకి ఇల్లు చేరాను. పడుకున్నా ఇంకా రైల్లోనే ఊగుతున్నట్టుంది. నిద్ర పట్టట్లేదు. పొద్దున్నే లేచి రాద్దామనుకుంటే మళ్లీ పనుల్లో పడిపోతానని ఇప్పుడే రాసేస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

చాలామందికి తెలిసిందే, నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. అమ్మకి రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ ఇప్పటిదాకా ఒక్క రూపాయి రాలేదు. కారణం పేరు. నాన్న సర్వీసు బుక్కులో భార్య పేరు రూతమ్మ. ఆధార్‌లో ఈరమ్మ. రెండూ మా అమ్మే. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఈరమ్మ, బాప్తిస్మంలో ఇచ్చింది రూతమ్మ. రేషన్ కార్డుకి వివరాలు రాసుకోడానికి వచ్చినరోజు ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే ఉందట. తను పిలిచే పేరే చెప్పింది. అది ఓటరు కార్డుకి పాకి, అక్కణ్ణుంచి ఆధార్‌కి పాకింది.

ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. అఫిడవిట్ అడిగారు, ఇచ్చాం. ఇద్దరు సాక్షులన్నారు, తీసుకెళ్లాం. పాత సారు బదిలీ అయ్యాడు, కొత్త సారుకి ఫైలు మొదట్నుంచీ చెప్పాం. ఆఖరికి ఒకాయన అమ్మ ఎదురుగానే, "ఈమె ఆయన భార్యేనని గ్యారంటీ ఏంటమ్మా?" అని నన్నడిగాడు. డెబ్బై ఏడేళ్ల మనిషి. ఏమీ అనలేదు, కొంగు సర్దుకుని కిందకి చూసింది. ఇంటికొచ్చాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పెళ్లయిన చర్చి నుంచి రిజిస్టరు కాపీ తెస్తే చూస్తామన్నారు. చేస్తాం అనలేదు, గమనించండి. చూస్తామన్నారు.

అలా మొన్న పొద్దున రైలెక్కి డోర్నకల్ వెళ్లాను.

నాకు డోర్నకల్ అంటే జంక్షన్, కొత్తగూడెం లైను చీలే చోటు. అంతే. అమ్మా నాన్నల పెళ్లి అక్కడి పెద్ద గుడిలో అయిందని తెలుసు గానీ ఎప్పుడూ లోపలికి పోలేదు. అమ్మకి తేదీ గుర్తులేదు. "అరవై ఎనిమిదిల, కోతలైనంక" అంటుంది. చర్చి ఆఫీసుకి వెళ్తే అయ్యగారు (పాస్టరు) మీటింగుకి వేరే ఊరు వెళ్లారు, సాయంత్రం గానీ రారు. ఏం చెయ్యాలో తోచక వరండాలో కూర్చుంటే, అక్కడే గోడకి ఆనుకుని కూర్చున్న ఒక తాత, "ఎవల కోసం బిడ్డా?" అన్నాడు.

ఎనభై దాటి ఉంటాయి. ఒకప్పుడు ఈ గుడి గంట కొట్టింది ఆయనే. ఇప్పుడు భుజం లేవదు, అయినా రోజూ వచ్చి కూర్చుంటాడు. పేరు రాయనా అంటే "నా పేరెందుకు, రిజిస్టర్ల ఉన్నది చాల్తది" అన్నాడు. అందుకే రాయట్లేదు.

నేను చెప్పిందంతా విన్నాడు. ఒక్క కాగితం అడగలేదు. అయ్యగారికి ఫోన్ చేయించి, ఆయన సరేనన్నాక, క్లర్కు చేత బీరువా తీయించాడు. మెడలో ఉన్న పాత తువ్వాలతో బల్ల తుడిచి రిజిస్టరు పెట్టాడు. 1968 మొత్తం చూశాం. పురుగు తిన్నచోట పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటే ఊదుతూ విడదీశాడు. వేలు ఒక్కో గీత మీద పెట్టి, పెదాలు కదుపుతూ చదివేవాడు. మా వాళ్లు లేరు. 67 చూశాం. లేరు. నాకు కడుపులో తిప్పడం మొదలైంది.

"అమ్మకు ఫోన్ కలుపు" అన్నాడు. కలిపాక నోటికి చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా, "ఏ పేరుతోటి పిలువాలె?" అని నన్నడిగాడు. మీకు ఏది బాగుంటే అది అన్నాను. ఫోన్ తీసుకుని, "రూతమ్మా, మంచిగున్నవా బిడ్డా" అన్నాడు.

అక్కడ నేను కూలబడిపోయాను. పద్నాలుగు నెలలుగా ఏ టేబుల్ దగ్గరికెళ్లినా మా అమ్మ ఆ పేరు ఎందుకు పెట్టుకుందో, అది తనదేనని రుజువేంటో అడిగినవాళ్లే. ముక్కూ మొహం తెలియని మనిషి పేరెట్టి పిలిచి బాగున్నావా అన్నాడు. అవతల అమ్మ కూడా ఏడుస్తోంది. తాత మాత్రం ఖంగారు పడకుండా తన తువ్వాల నాకిచ్చి, అమ్మతో మాట్లాడుతూనే ఉన్నాడు. తువ్వాల నిండా రిజిస్టరు దుమ్ము. కళ్లు ఇంకా మండాయి.

ఆయన అడిగిన ప్రశ్న చూడండి: "పెండ్లినాడు గుడిల నక్షత్రం ఉండెనా, తీసేసిన్రా?" అమ్మ వెంటనే, "ఉండె. దాని కింద ఫొటో దిగుదామనుకుంటిమి, ఫొటో ఆయన రాలే" అంది. తాత 1969 రిజిస్టరు తీశాడు. ఆ గుడి పేరు ఎపిఫనీ కెథీడ్రల్, తూర్పు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ బాల యేసు దగ్గరికి వచ్చిన పండుగ పేరు. ఆ పండుగ జనవరి 6న. అప్పటిదాకా క్రిస్మస్‌కి కట్టిన నక్షత్రం దించరు. కాబట్టి పెళ్లి క్రిస్మస్‌కీ దానికీ మధ్యలోనే అయ్యుండాలి. రెండో పేజీలోనే దొరికింది. 1969 జనవరి 3. నాన్న సంతకం, దాని కింద అమ్మ సంతకం. రూతమ్మలో "మ్మ" గీత దాటి పక్క గడిలోకి పోయింది. సాక్షి గడిలో మా తాత వేలిముద్ర.

నేను ఎగిరి గంతేయబోతే తాత కూర్చోబెట్టాడు. "ఇదొక్కటే తీస్కపోతే మళ్ల ఎనక్కి పంపుతరు. ఇండ్ల ఈరమ్మ ఏడుంది?" నిజమే కదా! ఆ మాట పద్నాలుగు నెలల్లో ఆ ఆఫీసులో ఒక్కరూ మాకు విడమరిచి చెప్పలేదు. బాప్తిస్మం రిజిస్టరు తీస్తే పాత పేరు, కొత్త పేరు ఒకే గీత మీద ఉంటాయన్నాడు. 1957. అమ్మకి తొమ్మిదేళ్లు. అమ్మమ్మ, తాత, ముగ్గురు పిల్లలు, ఐదుగురికీ ఒకేరోజు. ఈరమ్మ, పక్కన రూతమ్మ.

మధ్యాహ్నం తన అన్నం డబ్బాలో సగం నాకు పెట్టాడు. అన్నం, చింతకాయ తొక్కు. తింటూ గుడి సంగతి చెప్పాడు. ఇదేదో దొరలు కట్టుకున్న చర్చి అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. మొదట్లో ఇది ఆంగ్లికన్ చర్చి. ఆంగ్లికన్ అంటే ఇంగ్లండు వాళ్ల సంఘమే, కానీ ఇక్కడ దాన్ని నిలబెట్టింది ఒక తమిళాయన, వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో మిషన్ సంఘం పెట్టుకుని నిజాం రాజ్యంలోని ఈ మూలకి మనుషుల్ని పంపారు. 1909లో ఆయనా వచ్చేశాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో పెద్ద సభలో తెల్లవాళ్ల మొహం మీదే, మీరు చాలా ఇచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అన్నాడట. ఎడ్లబండి మీద పల్లెపల్లె తిరిగినవాడు. అలా పల్లెల్లో పెట్టిన బడుల్లో ఒకదాంట్లోనే అమ్మ సంతకం పెట్టడం నేర్చుకుంది. లేకపోతే అక్కడ ఇంకో వేలిముద్ర ఉండేది.

గుడి కట్టడానికి ఏళ్లకేళ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. తాత చెయ్యి పట్టుకుని చూపించాడు: పైన మసీదు మీద ఉన్నట్టు గుమ్మటాలు, లోపల మన గుళ్ల మండపాల్లో ఉండేలాంటి రాతి స్తంభాలు, వాటి మీద తామరపూలు. ఆ రాళ్లు మోసినవాళ్లలో తాత వాళ్ల నాన్న కూడా ఉన్నాడు. ఒక స్తంభం మీద అరచెయ్యి పెట్టి, "ఇది మా నాయిన మోసిందే అనుకుంట నేను. ఏదైతేంది" అని నవ్వాడు. అజరయ్యగారు 1945 జనవరి 1న పోయారు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణాది సంఘాలు కొన్ని కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యాయి, ఆంగ్లికన్ అన్న మాట మరుగున పడింది. మా అమ్మని అడిగితే "ఆంగ్లికనా? అదేంది?" అంటుంది.

సాయంత్రం అయ్యగారు వచ్చారు. అలసిపోయి ఉన్నా కూర్చుని రెండు కాపీలూ చేతిరాతతో రాసి, ముద్ర వేసి ఇచ్చారు. రసీదు మీదున్న రుసుము తప్ప ఒక్క పైసా తీసుకోలేదు. తాతకి ఏమైనా ఇద్దామని చెయ్యి బ్యాగులో పెడితే, "బ్యాగు మూసుకో" అన్నాడు గట్టిగా.

తమ్ముడు ఖర్చులకి పంపాడు, మా ఆయన పిల్లల్ని చూసుకున్నారు, అత్తయ్య వంట చేశారు. వాళ్లకి ఇంట్లోనే చెప్తాలెండి.

సోమవారం కాగితాలు తీసుకుని మళ్లీ ఆ మెట్లెక్కుతా. ఈసారి ఏం అడుగుతారో. అమ్మ పుట్టిందని రుజువు అడుగుతారేమో.

అయ్యో, బీరువా తీసిన క్లర్కమ్మని మరిచిపోయాను. లంచ్ కూడా మానేసి మాతో కూర్చుంది, సారీ అక్కా. కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటు పట్టుకున్న డిగ్రీ కుర్రాడికి, స్టేషన్ బయట జిరాక్స్ షాపు మూసేసి మళ్లీ తీసిన అన్నకి, తిరుగు రైల్లో కిటికీ సీటు ఇచ్చిన నర్సులకి థాంక్స్. అఫిడవిట్‌కి డబ్బు తీసుకోని మా వీధి లాయరుగారు కూడా. ఇంకెవరైనా మిగిలితే తిట్టకుండా గుర్తు చెయ్యండి, కలుపుతాను.

ఇప్పుడే బ్యాగు సర్దుతుంటే బయటపడింది. తాతా, మీ తువ్వాల నా దగ్గరే ఉండిపోయింది. ఉతకలేదు ఇంకా. అమ్మని తీసుకునే వస్తా, నక్షత్రం కట్టే రోజుల్లో.