సత్తీ, ఇంజిన్ దొరికిందోచ్!

బర్మింగ్‌హామ్,
శనివారం తెల్లవారుజాము

ఒరేయ్ సత్తీ,

ముందు నన్ను తిట్టాల్సిన నాలుగూ తిట్టేసెయ్, ఆ పని అయిపోతుంది. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడా జవాబు అంటావు. అను, పడతాను. ఇంట్లో అందరూ బాగున్నారు. పెద్దాడికి పరీక్షలు, చిన్నది ఈత నేర్చుకుంటోంది, అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పిన్ని పంపిన ఆవకాయ అందింది, సగం మా ఆఫీసువాళ్ళే లాగించేశారు. ఉద్యోగం నడుస్తోంది. ఇంకేవైనా ఉంటే తర్వాత గుర్తొచ్చినప్పుడు రాస్తాను.

నా పాత ఎంజీ కారుకి ఇంజిన్ దొరికిందిరా! నిన్న సాయంత్రం ఇంటికి తెచ్చాను. గ్యారేజీలో చెక్క పలక మీద కూర్చుని ఉంది. రాత్రి రెండుసార్లు లేచి వెళ్ళి చూసొచ్చాను. ఇంక నిద్ర ఎలాగూ పట్టేలా లేదని నీకు ఉత్తరం మొదలుపెట్టాను.

మొదట్నుంచీ చెప్తాను. కారు నీకు ఫొటోల్లో తెలిసిందే, 1966 ఎంజీబీ, పైకప్పు లేని రోడ్‌స్టర్. ఇంజిన్ దించి డీజిల్‌తో కడిగాకగానీ దాని అసలు రూపం బయటపడలేదు. సిలిండర్లుండే ఇనుప బ్లాకు పక్కన జానెడు పగులు, దానిమీద మెటల్ పుట్టీ, పుట్టీ మీద రంగు. పాత యజమానుల్లో ఎవరో చలికాలంలో రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు పోసి బండిని బయట వదిలేశారు. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకి పోత ఇనుము చీలిపోయింది. బెజవాడ ఎండల్లో రేడియేటర్ మరిగి మూత ఎగిరిపోవడం చూశాం గానీ, నీళ్ళు ఇనుముని పగలగొట్టడం మనం ఎక్కడ చూశాం? ఆ పుట్టీ ఫొటో చూసి నువ్వు 'నూజివీడు మావయ్య' అని ఒక్క ముక్క పెట్టావు చూడు, మా ఆవిడ వచ్చి ఏమైందని అడిగేదాకా నవ్వుతూనే ఉన్నాను. తనకి చెబుదామని చూశాను. అది చెప్తే అర్థమయ్యేది కాదు, వదిలెయ్.

ఇక్కడ పగిలిన బ్లాకుల్ని కుడతారు. వెల్డింగ్ లేకుండా, పగులు వెంట వరసగా రంధ్రాలు వేసి, మరలున్న పిన్నులు బిగించి సాపు చేసేస్తారు. చాలా గట్టి పని. కానీ మన పగులు లోపల పిస్టన్ ఆడే బోరుదాకా పాకిపోయింది, చూసినాయన తల అడ్డంగా ఊపేశాడు. అంటే వేరే ఇంజిన్ వెతకాలి. ఏ ఇంజిన్? అక్కడ మొదలైంది టెన్షన్.

ఇక్కడ ఎంజీబీ పిచ్చివాళ్ళు పదిమంది ఒకచోట చేరితే పదకొండు సలహాలు వస్తాయి. కొందరు మాజ్దా ఎంఎక్స్5 ఇంజిన్ వేసుకోమన్నారు. 1.8 లీటర్లు, ఇంజెక్షన్, ఐదు గేర్లు, ఎంత చలిలోనైనా సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. దానిమీద చెడ్డమాట ఒక్కటీ అనలేను, రోజూ ఆఫీసుకి నడిపేవాడికి అదే సరైనది. ఒకాయనైతే మొత్తం పీకేసి బ్యాటరీలు, మోటారు పెట్టుకోమన్నాడు. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే నేను టీ తెచ్చుకోవడానికి లేచాను.

అసలు పరీక్ష ఎనిమిది సిలిండర్ల వి8తో వచ్చింది. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టు.

రోవర్ వి8, 3528 సీసీ. పేరుకి రోవర్ గానీ పుట్టిల్లు అమెరికా. 1961లో బ్యూక్ వాళ్ళు పూర్తి అల్యూమినియంతో చేసి మూడేళ్ళకే వదిలేశారు. రోవర్ మేనేజింగ్ డైరెక్టర్ విలియం మార్టిన్ హర్స్ట్ పనిమీద పడవ ఇంజిన్లు చేసే మెర్క్యురీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి అక్కడ దీన్ని చూశాడు. రోవర్ హక్కులు కొనేసింది. తర్వాత దశాబ్దాలపాటు రేంజ్ రోవర్లతో సహా ఎన్ని బళ్ళకి పెట్టారో. ఎంజీ కంపెనీ కూడా 1973 నుంచి 1976 దాకా పైకప్పున్న జీటీ మోడల్లో ఇదే పెట్టి 2,591 కార్లు చేసింది. వాళ్ళకంటే ముందే కెన్ కాస్టెల్లో అనే ఆయన సొంతంగా ఎంజీబీలకి వి8 ఎక్కించి అమ్మాడు. నా బండి ఇంజిన్ 95 గుర్రాలది. అది 137. పైగా అల్యూమినియం కాబట్టి సిలిండర్లు ఎనిమిదున్నా బరువు మన నాలుగు సిలిండర్ల ఇనుము ఇంజిన్‌కి దగ్గర్లోనే ఉంటుంది. ఇది చాలా పెద్ద విషయంరా. 1967లో వాళ్ళే ఎంజీసీ అని 2912 సీసీ ఆరు సిలిండర్ల ఇనుము ఇంజిన్ పెడితే ముక్కు బరువెక్కి మలుపుల్లో బండి మాట వినలేదని అందరూ తిట్టారు. 1969కల్లా ఆపేశారు.

పక్క ఊళ్ళో ఒకాయన దగ్గర పాత రోవర్ నుంచి దించిన వి8 ఉంది, స్టాండ్ మీద బిగించి స్టార్ట్ చేసి చూపించాడు. సత్తీ, ఆ శబ్దం ఛాతీకి తగులుతుంది. యాక్సిలరేటర్ తీగ వేలితో కొంచెం లాగితే స్టాండ్ మొత్తం ఒక పక్కకి ఒరిగింది. ధర కూడా నాకు అందేదే. నువ్వు పక్కన ఉండి ఉంటే ఆ క్షణమే డబ్బు ఇచ్చేసేవాణ్ణి, నువ్వు తెనాలిలో ఆ సైకిల్ విషయంలో చేసింది అదే కదా!

ఇంటికొచ్చి కాగితం తీసి లెక్క రాసుకున్నాను. తర్వాతి ఏళ్ళ కార్లకి ఇంజిన్ పట్టే చోటుని వి8కి సరిపడా మార్చారు. నాది 1966ది. ఇందులో ఎగ్జాస్ట్ మానిఫోల్డు స్టీరింగ్ షాఫ్ట్‌కి తగలకుండా దింపాలంటే లోపలి రేకులు కొట్టాలి, కొన్నిచోట్ల కోయాలి. వెనక యాక్సిల్ నిష్పత్తి నా బండిది 3.9, ఫ్యాక్టరీ వి8ది 3.07. పాతదే ఉంచితే హైవే మీద ఇంజిన్ ఊరికే అరుస్తుంది. గేర్‌బాక్సు ఆ బలానికి ఆగదు. రేడియేటర్ పెద్దది కావాలి, బ్రేకులు మార్చాలి. ఒకటి మారిస్తే దాని పక్కది మార్చాలి. చివరికి చూస్తే 1966 కారులో మిగిలేది తలుపులు, డ్యాష్‌బోర్డు. ఈ దేశంలో 40 ఏళ్ళు దాటిన కార్లకి, గత 30 ఏళ్ళలో పెద్ద మార్పులేవీ చేయకపోతే, ఏటా చేసే ఎంఓటీ పరీక్ష అక్కర్లేదు. సిలిండర్ల సంఖ్యే మారితే ఇది ఆ మోడల్‌కి వచ్చిన ఇంజిన్ కాదేమో అని సందేహం వస్తుంది. పరీక్ష అక్కర్లేకపోయినా నేను ఏటా చేయించే తీరతాను, బ్రేకుల విషయం కదా. కాబట్టి నన్ను ఆపింది కాగితాలు కాదు, ఆ రేకులు కోయడం. అరవై ఏళ్ళు ఏ చేతి గ్రైండరూ తగలని రేకు అది. ఇంజిన్ నచ్చకపోతే రేపు దించి ఇంకోటి పెట్టుకోవచ్చు, కోసిన రేకుని వెనక్కి తేలేం.

వి8 వేసుకున్నవాళ్ళని నేను తక్కువ చేయట్లేదు. అప్పటికే తుప్పుపట్టి సగం పోయిన బాడీ దొరికితే నేనూ వేస్తానేమో. ఇది మాత్రం అలాంటి బండి కాదు.

ఇక మిగిలింది దాని సొంత ఇంజిన్, బీ సిరీస్. బీ సిరీస్ అంటే ఏమిటో లోకం మొత్తానికి చెప్పాలి గానీ నీకు చెప్పాలా? ఆటోనగర్‌లో బాబాయ్ షెడ్డులో మనం కిరోసిన్‌తో కడిగిన అంబాసిడర్ ఇంజిన్లన్నీ ఏమిటి మరి? 1489 సీసీ, ఇదే ఆస్టిన్, మోరిస్ వాళ్ళ బీ సిరీస్. ఎంజీబీకి ముందు వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు 1955లో మొదలైంది సరిగ్గా ఈ 1489 సీసీతోనే. ఎంజీబీకి వచ్చేసరికి బోరు పెంచి 1798 సీసీ చేశారు. అంబాసిడర్ బోరు 73 మిల్లీమీటర్లు, నా దానిది 80.26. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందకీ ఆడే దూరం, రెండింటికీ ఒకటే, 88.9. సిలిండర్లు వరసగా పేలే ఫైరింగ్ ఆర్డర్ అదే 1-3-4-2. గాలి లోపలికి పోయే దారీ పొగ బయటికొచ్చే దారీ ఒకే పక్క, ఇన్‌టేక్ పోర్టు రెండు సిలిండర్లకి ఒకటి చొప్పున. గుడివాడ పెళ్ళివాళ్ళని ఎక్కించుకుని తిరిగిన బండిదీ, ఇంగ్లండ్ కుర్రాళ్ళు స్కార్ఫులు కట్టుకుని షికార్లు చేసిన బండిదీ ఒకటే వంశంరా. ఆ బీ సిరీస్ పుట్టిన ఆస్టిన్ వాళ్ళ లాంగ్‌బ్రిడ్జ్ ఇక్కడికి దగ్గరే. ఫ్యాక్టరీ 2005లో మూతపడింది, ఇప్పుడక్కడ కాలేజీ, దుకాణాలు.

కానీ బీ సిరీస్‌లో కూడా ఏదంటే అది కాదు. 1964 దాకా ఎంజీబీకి పిస్టన్లు తిప్పే ఇరుసుని, అదే క్రాంక్‌ని, మూడు మెయిన్ బేరింగ్‌లు మోసేవి, ఆ తర్వాత ఐదు. నాకు ఐదుదే కావాలి, అదీ 18జీబీ నంబరుతో మొదలయ్యేదే కావాలి, అప్పుడే నా గేర్‌బాక్సుకి పేచీ లేకుండా కూర్చుంటుంది. వెనక ప్లేటు, ఫ్లైవీల్, షాఫ్ట్ దూరే బుష్ లాంటి చిన్న వస్తువులే తేడా వస్తే ప్రాణం తీస్తాయి. తర్వాతి 18వి ఇంజిన్లు బోలెడు దొరుకుతాయి, చవక కూడా. ఒకటి దాదాపు ఖాయం చేసుకున్నాను కూడా, కానీ సిలిండర్ల పైనుండే హెడ్డు ఊడదీస్తే వాల్వ్ సీట్ల మధ్య పగుళ్ళు. ఈ హెడ్లకి అది మామూలు జబ్బే.

అప్పుడు తెలిసినవాళ్ళ ద్వారా అబింగ్డన్ దగ్గర ఒక ముసలాయన సంగతి తెలిసింది. అబింగ్డన్ అంటే ఎంజీ ఫ్యాక్టరీ ఉన్న ఊరే, 1980లో మూసేశారు. ఎనభై దాటిన మనిషి, జీవితమంతా ఈ ఇంజిన్లే. షెడ్డులో దుప్పటి కప్పి ఉంది 18జీబీ. ఒక చివర కొక్కెం, గోడకి వరసగా స్పానర్లు, అదే నూనె వాసన. దుప్పటి తీయగానే నేను ముందు ప్లేటు మీద నంబరు చూశాను. తర్వాత బ్లాకు పక్కన చెయ్యి పెట్టి తడిమాను, పుట్టీ ఏమైనా ఉందేమోనని. ఆయన నవ్వాడు. క్రాంక్ కొలతలు రాసిన కాగితం ఇచ్చాడు, బేరింగ్‌లు కూర్చునే జర్నల్స్ బాగున్నాయి. సిలిండర్లే బోరుకొచ్చాయి, పై అంచు దగ్గర గోరు పెడితే గట్టు తగులుతోంది.

బేరం ఇంకా మొదలవలేదు. "దీన్ని నువ్వే బిగిస్తావా, ఎవరికైనా ఇస్తావా?" అన్నాడు. నేనే అన్నాను. "టాపెట్లు పెట్టడం తెలుసా?" అన్నాడు, అదే, వాల్వ్‌ల దగ్గర సందు సరిచేయడం.

ఒరేయ్, నేను ఏమీ ఆలోచించలేదు. నోట్లోంచి బాబాయ్ లెక్క వచ్చేసింది. కూడితే తొమ్మిది! ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదానికి పెట్టాలి, ఆరోది తెరుచుకుంటే మూడోదానికి, నాలుగోది తెరుచుకుంటే ఐదోదానికి. బాబాయ్ చేసినట్టే వేళ్ళు మడుస్తూ చెప్పాను. ముసలాయన నన్ను ఒక్క నిమిషం అలా చూసి, ఎక్కడ నేర్చుకున్నావన్నాడు. విజయవాడలో అన్నాను. అంబాసిడర్ల గురించి చెప్పాను, 2014 దాకా ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆ కారు చేస్తూనే ఉన్నారన్నాను. ఆయనకి అదేమీ తెలియదు. తనకి పదహారేళ్ళప్పుడు తన మేస్త్రీ నేర్పిన లెక్క అదేనట, అలాగే వేళ్ళు మడిచేవాడట.

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. బాబాయ్ ఎలా పనిచేసేవారో అడిగాడు. ఫీలర్ గేజ్ పోతే బ్లేడు ముక్కలు కలిపి కొలిచేవారని, స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి బేరింగ్ శబ్దం వినేవారని చెప్పాను. చెప్తుంటే గొంతు పట్టేసిందిరా. బాబాయ్ మనకి అన్నంపెట్టి పని నేర్పిన ఆ రోజుల్లో ఒక్కసారైనా ఆయనకి... సరే, ఇది నేను ఆయనతోనే మాట్లాడతాను.

ధర ముసలాయనే తగ్గించాడు. నేను బేరం ఆడలేదు.

ఇప్పుడు చెయ్యాల్సిందేమిటంటే, బ్లాకు 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఓవర్‌సైజ్‌కి బోరు చేయిస్తున్నాను, కొత్త పిస్టన్లు వచ్చేశాయి. హెడ్డుకి పగుళ్ళ పరీక్ష చేయించి ఎగ్జాస్ట్ వైపు గట్టి వాల్వ్ సీట్లు పెట్టించాలి. ఆ కాలం ఇంజిన్లు పెట్రోల్‌లో ఉన్న సీసం మీద ఆధారపడ్డాయి, అదే సీట్లు అరిగిపోకుండా కాపాడేది. మన దగ్గరా ఇక్కడా 2000లోనే సీసం ఆపేశారు. పైగా ఇక్కడ 2021 నుంచి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్, మీ దగ్గర 20 అంటున్నారు. అందుకని రబ్బరు పైపులు, కార్బొరేటర్ సీళ్ళు అన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి కొన్నాను. ఆ జంట ఎస్‌యూ కార్బొరేటర్లు మాత్రం నేనే విప్పి నేనే సరిచేస్తాను, వేరేవాళ్ళ చేతికి ఇవ్వను. ఇంజిన్ నంబరు మారింది కాబట్టి లాగ్‌బుక్ కూడా మార్పించాలి.

95 గుర్రాలు చాలురా. ఈ బండి బరువుకి, ఈ బ్రేకులకి, ఈ సన్న టైర్లకి లెక్కవేసి చేసిన ఇంజిన్ అది. వాళ్ళు మొత్తం కారుని దాని చుట్టూ

అయ్యో, పక్కింటాయన వ్యాన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎనిమిదింటికల్లా బ్లాకుని బోరింగ్ షాపులో దించాలి, శనివారం పూట పన్నెండుకే మూసేస్తారు. నువ్వు బాబాయ్‌ని ఒక్కమాట అడుగు, మర్చిపోకు: రీబోర్ అయ్యాక మొదటి సర్వీసుదాకా ఆయన ఏ ఆయిల్ పోసేవారు, హెడ్డు బోల్టులు మళ్ళీ ఎప్పుడు బిగించేవారు? పుస్తకంలో ఉంది గానీ నాకు ఆయన చెప్పిందే కావాలి. రేపు మీకు మధ్యాహ్నమయ్యాక ఫోన్ చేస్తాను, ఆయన్ని పడుకోనివ్వకు. మిగతాది మళ్ళీ రాస్తా, ఆ గన్నవరం సంగతి కూడా.

నీ
పదకొండో నంబరు