యంత్రం చెప్పే కారణాన్ని ఎవరు పరీక్షిస్తారు? ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధిస్తున్నాను. 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో గ్లోబల్ ఏఐ సదస్సు జరిగింది. 200 ఎకరాల్లో ఏఐ సిటీ వస్తుందని అప్పుడే ప్రకటించారు. సంతోషం. కంపెనీలు రావాలి, ఉద్యోగాలు రావాలి. అయితే కృత్రిమ మేధ పేరుతో పెట్టే ఖర్చులో కొంతైనా, ఈ యంత్రాలు అసలు ఎలా తర్కిస్తాయి, మనుషుల తర్కానికీ వాటి తర్కానికీ తేడా ఏమిటి అని తేల్చే విశ్వవిద్యాలయ పరిశోధనకు కేటాయించమని అడగడానికే ఈ లేఖ.

'ఎవరి శాఖకు వాళ్ళు డబ్బులు అడుక్కోవడం మామూలే' అని మీ పేషీలో ఎవరైనా అనుకోవచ్చు. అందుకే అసలు విషయం కాస్త వివరంగా చెబుతాను.

బల్ల మీద నాలుగు కార్డులున్నాయి. పైకి కనిపించేవి అ, క, 4, 7. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. 'ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి' అన్నది నియమం. అది నిజమో కాదో తేల్చాలంటే ఏయే కార్డులు తిప్పి చూడాలి? బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ 1966లో ఇచ్చిన చిక్కుకు ఇది మా క్లాసు రూపం. మా డిగ్రీ పిల్లలకు ఎప్పుడు ఇచ్చినా ఎక్కువమంది 'అ, 4' అంటారు. సరైన జవాబు 'అ, 7'. 7 వెనక అచ్చు కనబడితే నియమం తప్పినట్టే. 4 వెనక ఏమున్నా ఇబ్బంది లేదు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునేవాళ్ళు కూడా ఇక్కడ బోల్తా పడతారు.

ఇదే తర్కాన్ని 1982లో అమెరికాలో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు వేరే వేషంలో ఇచ్చారు. బీరు తాగే మనిషికి 19 ఏళ్ళు నిండి ఉండాలి. కార్డులకు ఒకవైపు తాగేది, రెండోవైపు వయసు. పైకి కనిపించేవి బీరు, కోక్, 22, 16. ఎవరిని తనిఖీ చేయాలి? ఈసారి దాదాపు నాలుగింట మూడొంతుల మంది 'బీరు, 16' అని సరిగ్గా చెప్పారు. తర్కం అదే, తెలిసిన వ్యవహారం అయ్యేసరికి బుర్ర పనిచేసింది.

చాట్‌బాట్లను నడిపించే పెద్ద భాషా నమూనాలకూ ఈ జబ్బు ఉందని గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ పరిశోధకులు 2022లో చూపించారు. తెలిసిన విషయమైతే బాగా తర్కిస్తాయి, ముక్కూమొహం తెలియని విషయమైతే తడబడతాయి. మనం రాసిన రాతల నుంచి నేర్చుకున్నాయి కాబట్టి మన బలహీనత కూడా అంటిందా? లేక వేసన్ చిక్కు ఇంటర్నెట్లో ఎన్నోచోట్ల ఉంది కాబట్టి కొన్ని జవాబులు అప్పజెబుతున్నాయా? ఈ రెంటినీ విడదీయాలంటే ఎక్కడా అచ్చు కాని కొత్త ప్రశ్నలు తయారు చేయాలి. ఆపిల్ పరిశోధకులు 2024లో అదే చేశారు. ఒకతను శుక్రవారం 44 కివీ పళ్ళు కోశాడు, శనివారం 58, ఆదివారం శుక్రవారానికి రెట్టింపు. ఆదివారం కోసినవాటిలో అయిదు కాస్త చిన్నవి. మొత్తం ఎన్ని? 190. చిన్నవైనా పళ్ళు పళ్ళే కదా! పేరున్న మోడళ్ళు కూడా ఆ అయిదూ తీసేసి 185 అన్నాయి. తర్వాత వచ్చినవి మెరుగయ్యాయి, కాదనను. కానీ తెలుగులో, మన పిల్లలు అడిగే తీరులో అడిగితే ఎంత మెరుగయ్యాయన్నది కూర్చుని పరీక్షించాల్సిన సంగతి.

నాకు ఇంతకన్నా టెన్షన్ పెట్టేది ఇంకొకటి ఉంది. నిస్బెట్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక షాపులో నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు వరసగా పెట్టారు. నాలుగూ అచ్చంగా ఒకటే రకం. వచ్చినవాళ్ళు ఎక్కువగా కుడిచివర ఉన్న జతనే ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత బాగుందనో మరొకటనో చెప్పారు. అది కుడిచివర ఉండటం వల్లేమో అంటే, దాదాపు అందరూ అదేం కాదని కొట్టిపారేశారు. అబద్ధమాడలేదు, వాళ్ళ అసలు కారణం వాళ్ళకే తెలియదు.

ఇక 2023లో కొందరు పరిశోధకులు భాషా నమూనాలకు కొన్ని ఉదాహరణలిచ్చి, అన్నిట్లోనూ సరైన జవాబు మొదటి ఆప్షనే అయ్యేలా అమర్చారు. తర్వాతి ప్రశ్నకు యంత్రం చాలాసార్లు మొదటి ఆప్షన్ వైపే మొగ్గింది. అంచెలంచెలుగా వివరించమంటే చక్కని వివరణ రాసింది. 'మొదటిదే సరైనదని అలవాటు పడి ఎంచుకున్నాను' అన్న ముక్క మాత్రం అందులో లేదు.

ఇది మీ శాఖకు ఎందుకంటే, రేపు ప్రభుత్వ కార్యాలయాల్లో పింఛను దరఖాస్తు తిరస్కరించినా, ఫిర్యాదు మూసేసినా యంత్రం దాని కింద రెండు వాక్యాల కారణం రాసి పెడుతుంది. తహసీల్దారు గారు అది చదివి సంతకం పెడతారు. ఆ రాత అసలు కారణమో, అందంగా అల్లిన సాకో చూసేదెవరు?

పథకాలకు ఎవరు అర్హులో తేల్చడానికి మన రాష్ట్ర ప్రభుత్వం వాడిన కంప్యూటర్ వ్యవస్థ 'సమగ్ర వేదిక' అనుభవం మనకు ఉండనే ఉంది. అది ఇప్పటి చాట్‌బాట్ల కోవది కాదు, పేర్లూ వివరాలూ పోల్చి చూసే పద్ధతి. అయినా కారు లేని కుటుంబానికి కారున్నట్టు తేల్చి రేషన్ కార్డు పోగొట్టిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్ళీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని సుప్రీంకోర్టు 2022లో చెప్పాల్సి వచ్చింది. ఇది మీ ప్రభుత్వం రాకముందు సంగతే. కానీ అప్పుడు కారణం చెప్పని యంత్రంతోనే ఇంత తంటా. ఇప్పుడొచ్చేవి నమ్మేలా కారణాలు చెబుతాయి.

ఈ పనికి హైదరాబాద్‌ను మించిన చోటు దొరకదు. సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్, కాగ్నిటివ్ శాస్త్రాల (మెదడు, ఆలోచన ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రాల) కేంద్రం ఉంది. ఆ పక్కనే ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత మీద, కాగ్నిటివ్ సైన్స్ మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళున్నారు. ఉస్మానియాలో మనస్తత్వ శాస్త్రం, తత్త్వశాస్త్రం, భాషాశాస్త్రం మూడూ ఉన్నాయి. చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్ళి 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఏఐ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి ఫొటో సభల్లో పెడుతుంటాం. ఆయన పనిచేసిన అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఏఐ తొలితరం శాస్త్రవేత్తలు హెర్బర్ట్ సైమన్, అలెన్ న్యూయెల్ మనుషుల చేత పైకి ఆలోచిస్తూ చిక్కులు విప్పించి, ఆ మాటలు రాసుకుని, వాటి ఆధారంగా ప్రోగ్రాములు కట్టారు. అక్కడ మనస్తత్వ శాస్త్రం, కంప్యూటర్ సైన్స్ కలిసి నడిచాయి.

ఇక్కడ? నేనూ ఒక కంప్యూటర్ సైన్స్ మిత్రుడూ కలిసి తెలుగు మీడియం విద్యార్థుల తర్కాన్నీ యంత్రాల తర్కాన్నీ పోల్చే ప్రతిపాదన ఒక సంస్థకు పంపాం. 'ఇది సైకాలజీ కిందికి వస్తుందా, కంప్యూటర్స్ కిందికి వస్తుందా తెలుపగలరు' అని ఒక్క వాక్యంతో తిరిగొచ్చింది. రెండిటి కిందికీ వస్తుందని రాశాం. మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. (దరఖాస్తు ఫారంలో ఒక్క గడికే టిక్ పెట్టే వీలుంది, పాపం వాళ్ళ తప్పు మాత్రం ఏముంది.) మన ప్రాచీన తర్కమైన న్యాయ దర్శనంలోని పంచావయవాల (అయిదు అంచెల వాదన) గురించీ, పొగను బట్టి నిప్పు ఉందని తేల్చే 'అనుమానం' గురించీ మన సభల్లో ఉపన్యాసాలకు కొదవ లేదు. తర్కం మీద పీహెచ్‌డీ చేస్తానన్న అమ్మాయికి స్టైపెండ్ ఇప్పించబోతే మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

మేమడిగేది ఏఐని నడిపే కోట్ల రూపాయల జీపీయూ చిప్పులు కాదు. ఈ పనికి ముఖ్యంగా కావాల్సింది మనుషులు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సగానికి పైగా అధ్యాపక పోస్టులు ఖాళీ, అందులో మా లాంటి శాఖల గతి మరీ అధ్వానం. ఇద్దరు గైడ్లు రెండు వేర్వేరు శాఖల నుంచి ఉండేలా కొన్ని పీహెచ్‌డీ సీట్లు, వాళ్ళకు నెలనెలా అందే ఫెలోషిప్పు ఇవ్వండి. తెలుగులో, ఉర్దూలో తర్కాన్ని పరీక్షించే కొత్త ప్రశ్నల నిధి ఒకటి తయారు చేయించండి. దాన్ని ఇంటర్నెట్లో పెట్టకూడదు, పెడితే యంత్రాలు చదివేసుకుంటాయి. ఏ శాఖైనా పౌరుల అర్హత తేల్చే ఏఐ సాఫ్ట్‌వేర్ కొనే ముందు దాన్ని ఆ ప్రశ్నలతో పరీక్షించి, ఫలితం మాత్రం అందరికీ తెలిసేలా వెల్లడించాలన్న షరతు టెండరులోనే పెట్టండి. విద్యా శాఖతో మాట్లాడాల్సినవి మీరు మాట్లాడితేనే కదులుతాయి, మేము రాసే ఉత్తరాలతో కాదు.

బడ్జెట్ ప్రతిపాదనలు ఖరారయ్యే లోపు సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ, ఉస్మానియాల్లో ఈ విషయాల మీద పనిచేస్తున్నవాళ్ళను ఒక పూట పిలిపించి మాట్లాడండి. కంపెనీ ప్రతినిధులను కూడా అదే గదిలో కూర్చోబెట్టండి, మాకు అభ్యంతరం లేదు.

భవదీయ,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు