కృతజ్ఞతలు: సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మాకు తోడున్నవాళ్ళకి

చదువుకుంటూ పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్ళం మేమంతా. విశాఖపట్నంలో మద్దిలపాలెం, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉంటాం. అద్దె, ఫీజు పక్కన పెడితే మా డబ్బు ఎక్కువగా కారిపోయేది ఒకే చోట: క్లాసు అయిపోయిన దగ్గర్నుంచి పిల్ల కడుపు నిండేదాకా. ఆ రెండు గంటల్లోనే ఆటో, బిస్కెట్ ప్యాకెట్, హోటల్ ఇడ్లీ, డైపరు. చవగ్గా దొరక్క కాదు, ఇంట్లో సిద్ధంగా ఏమీ లేక. మాకు సాయం చేసినవాళ్ళంతా ఆ రెండు గంటలనే గట్టెక్కించారు. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. నేర్పిన పని మాత్రం కొలతలతో సహా రాస్తున్నాం, మాలాంటి మరొకరికి పనికొస్తుందని.

ముందుగా పిండిమర బాబాయ్‌కి. చోళ్ళు, అంటే రాగులు, మొలకకట్టి పట్టించుకోమన్నది ఆయనే. కేజీ చోళ్ళు మూడు నీళ్ళు కడిగి, ఇసుక లేకుండా గాలించి, పన్నెండు గంటలు నానబెట్టాలి. నీళ్ళు పూర్తిగా వార్చి, తడిగుడ్డలో మూటకట్టి ఒక రోజు ఉంచితే తెల్లటి మొలక సన్నగా తొంగిచూస్తుంది. అక్కడ ఆపేయాలి. చాలామందికి చెడేది ఎండబెట్టడం దగ్గరే. మన సముద్రపు గాలికి పైకి ఆరినట్టే ఉంటుంది, గింజ లోపల మాత్రం తేమ మిగిలిపోతుంది. ఆ పిండి కొద్ది రోజులకే ముక్కిపోతుంది. అందుకని రెండు ఎండలు బాగా తగలాలి. అరచేతిలో నలిపితే మొలకలు పొడిపొడిగా రాలిపోవాలి. ఆ తర్వాత సన్న సెగ మీద కమ్మటి వాసన రాగానే దించి, చల్లారాకే మర పట్టించాలి. మాడనివ్వకూడదు. మొలకలో పుట్టే ఎంజైమే జావను పల్చగా చేస్తుంది, మాడితే ఆ గుణం పోతుంది. జావ జారుగా ఉంటే అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, పిల్ల నాలుగు చెంచాలే తిన్నా ఒంటికి పడుతుంది. కాచేటప్పుడు రెండు పెద్ద చెంచాల పిండిని చల్లటి నీళ్ళలో కలుపుకొని, గ్లాసు నీళ్ళతో సన్న సెగన ఎనిమిది నిమిషాలు తిప్పుతూ ఉడికించాలి. మరిగే నీళ్ళలో పొడిపిండి వేస్తే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, తేనె వెయ్యకూడదు.

కింది వాటాలోని మామ్మగారికి రెండు దణ్ణాలు. ఒకటి లంగోటీలకి. అయిదున్నర మీటర్ల పాత నూలు చీర, పన్నా 110 సెంటీమీటర్లుంటే, 55 సెంటీమీటర్ల చదరాలు ఇరవై వస్తాయి. రెండేసి పొరలు కలిపి కుడితే పది లంగోటీలు. పాలియెస్టర్ కలిసిన చీర తడి పీల్చదు, దాని జోలికి వెళ్ళొద్దు. అంచులు తప్పనిసరిగా మడిచి కుట్టించాలి. ఊడిన దారం చంటిపిల్ల కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, పైకి కనిపించదు కూడా. ఏడుపు ఆపకపోతే ముందు వేళ్ళు చూడమన్నారు ఆవిడ. ఉతికాక మెత్తదనం కోసం అమ్మే లిక్విడ్ పొయ్యొద్దు, అది నూలుకి పూతలా పట్టి తడి పీల్చనివ్వదు. వానాకాలంలో రాత్రంతా ఫ్యాను కింద ఆరేసి, పొద్దున్న ఇస్త్రీ పెట్టెతో చెమ్మ తియ్యాలి. కొన్న డైపరు ప్రయాణానికి ఒక్కటి చాలు.

రెండోది కుక్కరుకి. అడుగున రెండు గ్లాసుల నీళ్ళు. కింది గిన్నెలో అర గ్లాసు కందిపప్పు, అరగంట నానింది, గ్లాసున్నర నీళ్ళు, పసుపు, రెండు చుక్కల నూనె. పైగిన్నెలో గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్ళు. నాలుగు విజిల్స్, ఆవిరి దానంతటది దిగేదాకా మూత తియ్యొద్దు. పప్పు గిన్నె సగానికి మించితే నురుగు పొంగి విజిల్ రంధ్రం మూసుకుంటుంది. ఆ నూనె చుక్కలు నురుగుని అణచడానికే. చింతపండు ముందే వేస్తే పులుపుకి పప్పు మెదగదు, గ్యాసు దండగ. పొద్దున్నే పప్పు కడిగి నానబెట్టే తీరిక లేనివాళ్ళు కందిపప్పు బదులు పెసరపప్పు వేసుకోవచ్చు, నానక్కర్లేదు. ఉప్పూ కారం వేసేముందు పిల్ల వాటా తీసేస్తే వేరే వంట అక్కర్లేదు.

అంగన్‌వాడీ టీచరమ్మకి, ఆయమ్మకి. మూడేళ్ళలోపు పిల్లలకి ఇంటికిచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు పంచదార ముందే కలిసి ఉంటుందని, మళ్ళీ తీపి కలపక్కర్లేదని చెప్పింది వాళ్ళే. ప్యాకెట్ విప్పగానే బిగుతు మూత స్టీలు డబ్బాలో పొయ్యాలి, లేకపోతే మన ఉక్కకి గడ్డకడుతుంది. ఇల్లు మారినప్పుడు పేరు కొత్త కేంద్రానికి మార్పించుకోవడం మర్చిపోకండి.

టీకాలకు వెళ్ళినప్పుడు కలిసిన నర్సమ్మ చెప్పిన మాట మా అందరికీ అన్నిటికంటే విలువైనది. డబ్బా పాలు పట్టేవాళ్ళు ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ కలుపుతారు. అది పొదుపు కాదు, పిల్లకి ఆకలి. బరువు పెరగదు, నీళ్ళెక్కువై ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. డబ్బా మీద రాసిన కొలత ఎంతో అంతే. ముందుగా పిండి తీసి ఉంచే తల్లిపాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు ఆగుతాయి; మన మే నెల గదుల్లో అంతసేపు నమ్మొద్దు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. మామ్మగారి ఫ్రిజ్‌లో ఒక అర మాకోసం ఖాళీగా ఉందంటే అర్థం ఇదీ.

ఎంవీపీ రైతుబజారులో సాయంత్రం ఆకుకూరలమ్మే అప్పకి. వాడిన తోటకూర కట్ట వేళ్ళు పావుగంట నీళ్ళలో ఉంచితే మళ్ళీ నిలబడుతుంది; జిగట పట్టింది మాత్రం ఎంత చవకైనా కొనొద్దంది, తనే అమ్ముతూ.

బస్సు సంగతి అందరికీ తెలిసిందే: 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ల్లో టికెట్‌కి డబ్బు అక్కర్లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. చదువుకునే నాన్నలకి మాత్రం విద్యార్థి పాసే దిక్కు.

ఇక కాలేజీ ఆఫీసులో మాకు దారి చూపిన గుమాస్తాగారికి. ప్రసూతి సెలవు, హాజరు సడలింపు కోసం నిబంధనలు పెట్టమని యూజీసీ (విశ్వవిద్యాలయాలను చూసే కేంద్ర సంస్థ) 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. అది రాగానే దానంతటది అమలైపోదు, మనం అడగాలి. డిశ్చార్జి కాగితం, జనన ధ్రువపత్రం నకళ్ళతో సెమిస్టరు మొదట్లోనే అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. పరీక్షకి కూర్చోనివ్వడం వేరు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అడిగే 75 శాతం హాజరు వేరు. రెండుచోట్లా విడివిడిగా రాసివ్వమని, అర్జీ ఎలా ఉండాలో ఆయనే తెల్లకాగితం మీద రాసి చూపించారు.

మామ్మగారూ, మీ చీరతో కుట్టించిన పదిలో ఏడు లంగోటీలు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఉతికి, మడతపెట్టి మీ గుమ్మం పక్క గూట్లో పెట్టాం. పై వాటాలోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి వచ్చే నెల నెలలు నిండుతాయి.