బ్రిక్ లేన్ చర్చి రిజిస్టర్లు చదివేటప్పుడు

అమ్మలూ,

లండన్ బ్రిక్ లేన్‌లోని జామె మసీదు కట్టడం చరిత్ర రాస్తానన్నావు. ముందు ఫోర్నియర్ స్ట్రీట్ వైపుకి వెళ్లి తలెత్తి చూడు. గోడ పైభాగాన నీడ గడియారం, 1743 అన్న అంకె, ‘ఉంబ్రా సుముస్’ అన్న లాటిన్ మాట ఉంటాయి. ‘మనం నీడలం’ అని అర్థం.

1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ, ప్రొటెస్టంట్లకు ఆరాధన హక్కులిచ్చిన నాంట్ శాసనాన్ని రద్దు చేశాక చాలామంది ఫ్రెంచి ప్రొటెస్టంట్లు, అంటే హ్యూగెనాట్లు, ఇంగ్లండు చేరారు. వాళ్ల సంఘం కట్టుకున్న చర్చి ఇది. 1809లో ఫ్రెంచి ఆరాధన ఆగింది. 1819లో మెథడిస్టులు అనే మరో ప్రొటెస్టంట్ శాఖవాళ్లు వచ్చారు, 1890ల చివర యూదుల ప్రార్థనామందిరం, అంటే సినగాగ్ అయింది, 1976లో మసీదు. హ్యూగెనాట్లు పాటించిన కాల్విన్ మార్గంలో విగ్రహాలూ బొమ్మలూ ఉండవు, ప్రసంగం వినడమే ప్రధానం. అందుకే అది చుట్టూ గ్యాలరీలున్న సాదా హాలు. ఎవరొచ్చినా కొట్టేయాల్సింది పెద్దగా లేదు.

చుట్టుపక్కల ఇళ్ల పై అంతస్తుల్లో వెడల్పాటి కిటికీలు చూడు. మన గుంట మగ్గం నేలలోకి దిగితే, హ్యూగెనాట్ల పట్టు మగ్గం వెలుతురు కోసం మిద్దెక్కింది. సన్నని పడుగులో పోగు తెగితే కనబడాలి కదా. అయితే పట్టు నేత దెబ్బతిన్నందుకే చర్చి మూతపడిందని మాత్రం రాయకు. ఫ్రెంచి పట్టు దిగుమతి మీద నిషేధం ఎత్తేసింది 1826లో, సుంకాలు పోయింది 1860లో. చర్చి అంతకుముందే మూతపడింది. వలస వచ్చినవాళ్ల మనవలు ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడారు, ఇంగ్లీషు చర్చికి వెళ్లారు. సంఘం చావలేదు, పక్క వీధిలోకి కలిసిపోయింది.

అది రుజువు చేయాలంటే రిజిస్టర్లు కావాలి. లండన్‌లో క్యూ (Kew) అన్నచోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 వరుస అడుగు. ఫ్రెంచి చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు అందులో ఉన్నాయి. 1754 తర్వాత పెళ్లిళ్లు ఒక్కసారిగా కనబడవు. సంఘం చితికిపోయిందని అక్కడే చాలామంది పొరబడతారు. 1753లో హార్డ్‌విక్ చట్టం వచ్చింది. దాంతో 1754 నుంచి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, యూదులు తప్ప అందరి పెళ్లీ ఇంగ్లండు అధికార చర్చిలోనే జరగాల్సివచ్చింది. కాబట్టి ఆ జంటల్ని ఫోర్నియర్ స్ట్రీట్ చివరనున్న క్రైస్ట్ చర్చి రిజిస్టర్‌లో వెతుకు. బాప్తిస్మాల సంఖ్యతో పోల్చి చూశాకే సంఘం తగ్గిందా లేదా తేల్చు.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. 1752కి ముందు ఇంగ్లండులో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1744 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1745 కావచ్చు. క్యాలెండర్ మార్చడంతో 1752 సెప్టెంబరు 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. ఇంగ్లండు, ఫ్రాన్సు కాగితాలు పక్కపక్కన పెడితే తేడా వచ్చేది ఇక్కడే.

పేర్లు అన్నిటికన్నా కష్టం. ఫ్రెంచి పేరుని ఇంగ్లీషు అర్థంలోకి మార్చేసుకునేవాళ్లు: బ్లాంక్ వైట్ అవుతాడు, దుబువా వుడ్ అవుతాడు. ఒక్క పేరు పోలికతో కుటుంబాన్ని కలపకు. బాప్తిస్మం సాక్షుల పేర్లు, తండ్రి వృత్తి, వీధి, ఈ మూడింట్లో రెండైనా కలవాలి. రిజిస్టర్‌లో ఎలా ఉందో అక్షరం మార్చకుండా ఎడమ గడిలో రాసుకో, నీ ఊహ కుడి గడిలో. ముందు 1745 నుంచి 1760 దాకా ఎత్తుకో, అది పూర్తయ్యాక పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
నాన్న